పధ్నాలుగో బల్ల

టికెట్టుతో పాటు ఓ మట్టి కప్పిచ్చారు,
మెడలో వేసుకొమ్మని దానికో తాడు.
మా ఊళ్ళో ఆవులకి గంట కట్టేది ఇలాగే.
తిబిలిసి జనమంతా కప్పులు కట్టుకుని
బల్ల బల్లకీ మేస్తున్నారు.
నేనూ మందలో కలిశాను.

మొదటి బల్ల మీద తెల్ల టీ.
మొక్కజొన్న కడిగిన నీళ్ళలా ఉంది చూడ్డానికి.
నాలుక మీదికి ఏదో వచ్చింది,
కూర్చోకుండానే వెళ్ళిపోయింది.
"మళ్ళీ రమ్మను" అన్నాను.
పోసే పిల్ల నవ్వి, మళ్ళీ పోసింది.

తర్వాతది జపాను వాళ్ళ పచ్చ పొడి,
వెదురు కుంచెతో నురగొచ్చేదాకా గిలక్కొట్టారు.
తడిసిన గడ్డివాములో తల దూర్చినట్టుంది.
బాగుందనలేదు, బాలేదనలేదు,
కప్పు అడుగు మాత్రం వేలితో తుడిచి నాకాను.

చైనా ఆకొకటి, పైన్ కట్టెల పొగ పట్టించినది.
మూత తియ్యగానే
మా అన్న ఒటియా చలికోటు.
వాడు పోయి పదకొండేళ్ళు,
కోటింకా మేకుకే ఉంది.
రెండు గుక్కల్లో గుండీలన్నీ పెట్టేసుకున్నాను.

ఎర్ర టై కట్టిన ఒకాయన
చెంచాతో జుర్రున లాగి, పుక్కిలించి,
రాగి తొట్టిలో ఉమ్మి,
"తేనె, ఎండిన ఆప్రికాట్, ఓ పిసరు తోలు" అన్నాడు.
చుట్టూ ఉన్నవాళ్ళు రాసుకున్నారు.
ఉమ్మేసేదానికి ఇన్ని పేర్లా!
మా రోజుల్లో ఆకుకి రెండే పేర్లు:
తీసుకున్నది, తిప్పికొట్టింది.

పధ్నాలుగో బల్ల మీద గూరియా అని రాసుంది.
కింద బొమ్మలో ఉన్నది మా కొండ.
ఎడమవైపు వంపు దగ్గర
నేను పెళ్ళికి ముందు ఒకసారి జారిపడ్డాను.
బల్ల వెనకాల బాద్రి అనే కుర్రాడు,
గడ్డం దువ్వుకున్నాడు, మాట నేర్చుకున్నాడు.
"అడవి టీ, అమ్మా.
ముప్పై ఏళ్ళుగా మనిషి చెయ్యి తగల్లేదు."

ముప్పై ఏళ్ళకి ముందు తగిలిన చెయ్యి
నా కోటు జేబులో ఉంది.

రోజుకి ఇరవై కిలోలు లెక్క.
బుట్ట నడుముకి, వాన నెత్తికి,
తిట్లు బుట్ట నిండనివాళ్ళకి.
మొదటి రకం మాస్కో రైలెక్కేది,
మేం ఇంటికెళ్ళి పుదీనా కాచుకునేవాళ్ళం.
ఆ కొండ రుచేమిటో
డెబ్బై రెండో ఏట
పరాయి ఊళ్ళో, నిలబడి,
మెడకి తాడేసుకుని తెలుసుకోవాలా!

తాగాను.
ముందు వగరు.
వగరు వెనక ఏదో ఉంది,
అది చెప్పను.

"ఎలా ఉందమ్మా?"
కప్పులో విప్పారిన ఆకుని గోటితో తిరగేసి
"ఎవరు కోశారు? మూడో ఆకు కాడ కూడా వచ్చింది" అన్నాను.
కుర్రాడి చెవులెర్రబడ్డాయి.
"నేనే కోశాను. చూపించేవాళ్ళెవరూ లేరు."

బల్ల చివర కుండీలో ఓ మొక్క,
అందానికి పెట్టుకున్నాడు పాపం.
ఇలా పట్టాలి, వంచకూడదు,
గోరు తగలకూడదు, మునివేళ్ళతోనే,
అని మాటల్లో ఉన్నాను.
జేబులోంచి రెండో చెయ్యి ఎప్పుడొచ్చిందో తెలీదు.
పుటుక్కు, పుటుక్కు.
జనం మాట్లాడ్డం మానేశారని
ఆ చప్పుడు పెద్దగా వినిపిస్తే తెలిసింది.
చూద్దును కదా, మొక్క బోడిగుండు!
నా గుప్పెట్లు రెండూ నిండుగా.

క్షమించమందామనుకున్నాను.
నోరు మాత్రం "తూకం వెయ్యి" అంది.

పొట్లాలు కట్టే బుల్లి కాటా ఉంది.
ఇరవై మూడు గ్రాములు.
"రాసుకో" అన్నాను.
వాడు నిజంగానే కలం తీసి
"ఏ పేరున?" అన్నాడు.
నాలుగో దళం, అని ముందొచ్చింది నోటికి.
ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా,
నజిబ్రోలా.

కప్పులో ఇంకో గుక్క మిగిలింది.
చల్లారిపోయింది.
అదీ తాగాను.